గుర్రపుతోకకు జడ

ఈమధ్య నా ఫోను తెరిస్తే చాలు, స్పోరన్లు ఎదురవుతున్నాయి. ఇంగువ కోసం వెతికినా, మోకాళ్ల నొప్పికి తైలం కోసం వెతికినా, ఆ పక్కనే ఒక తెల్లటి వెంట్రుకల సంచి వేలాడుతూ, ఇది కూడా మీకు నచ్చవచ్చునని పలకరిస్తోంది. మా తమ్ముడి కూతురి పెళ్లి అయిపోయి నెలలు గడిచాయి, మాకు కావలసింది దొరికింది, దాని పని కూడా తీరింది, అయినా ఆ సంగతి ఫోనుకు చెప్పేవాళ్లెవరు? మలాయిదేశంలో, క్లాంగ్‌లో మేడమీద కాపురముంటున్న డెబ్బై దాటిన తెలుగావిడకు, స్కాట్లాండు మగవాళ్లు నడుముకు కట్టుకునే సంచుల మీద ఇంత మోజేమిటో దానికి అర్థమై ఉండదు. పక్కన కూర్చుని పేపరు చదువుకునే మా ఆయనకే ఇప్పటికీ సగమే అర్థమైంది, యంత్రాన్ని అని ఏం లాభం. అది చూపిస్తూనే ఉంటుంది, నేనూ టీ చల్లారిపోయేదాకా చూస్తూనే ఉంటాను.

ఎస్టేట్లలో పెరిగిన నా ఈడువాళ్లకు స్పోరన్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు గాని, పట్నంలో పుట్టినవాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. స్కాట్లాండు మగవాళ్లు కట్టుకునే గళ్ల కుచ్చెళ్ల పావడా ఉంది చూశారూ, కిల్టు, దానికి జేబులుండవు. జేబు లేకుండా మగవాడు గడప దాటగలడా? అందుకని నడుముకు గొలుసుతో ఒక సంచి కట్టి ముందుకు వేలాడేస్తారు, అదే స్పోరన్. రోజూ పెట్టుకునేది ఉత్త తోలు సంచి. విందులకూ పెళ్లిళ్లకూ పెట్టుకునేదానికి మెత్తటి బొచ్చు, పైన వెండిలా మెరిసే లోహపు పట్టీ. బ్యాండు వాయించేవాళ్లది వీటికి పెద్దన్నలాంటిది, పట్టీ కింద నుంచి మోకాళ్లదాకా తెల్లటి గుర్రపు వెంట్రుకలు జాలువారి, వాటి మీద రెండు నల్లటి కుచ్చులు వేలాడుతుంటాయి. మనిషి అడుగు వేసినప్పుడల్లా అది కుడికీ ఎడమకూ ఊగుతుంటే, చిన్నప్పుడు మేం వాయించేవాళ్ల మొహాలు చూడడం కూడా మరిచిపోయి దాన్నే చూసేవాళ్లం. మా నాన్నది ఆ రకం.

మా నాన్న సుంగై సుమున్ దగ్గర ఒక రబ్బరు ఎస్టేటు ఆఫీసులో కెరాణి, అంటే గుమాస్తా. అప్పటి పెద్దదొర స్కాట్లాండువాడు. సొంత ఊరి మీద బెంగ ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటుంది. మా తాతయ్య బతికినంతకాలం ఇక్కడి చింతపండు పులుపు పులుపే కాదని సణుగుతూనే పోయాడు, దొరకేమో బ్యాగ్‌పైపు, అంటే చంకలో గాలితిత్తి పెట్టుకుని ఊదే వాళ్ల సన్నాయి, వినక చెవులు ఎండిపోయాయట. ఆఫీసులోనూ ఆస్పత్రిలోనూ స్టోరులోనూ పనిచేసేవాళ్లలోంచి ఊపిరి గట్టివాళ్లను ఏరి, పటాలంలో వాయించి రిటైరైన ఒక ముసలాయన్ని పిలిపించి నేర్పించి, ఒక బ్యాండు నిలబెట్టాడు. మా నాన్న శ్రీరామనవమికి గొంతు తడుపుకోకుండా భజన నడిపించే మనిషి, కనుక పైపు ఆయన చేతికి వచ్చింది. సాయంత్రమయ్యేసరికి ఫుట్‌బాల్ మైదానంలో తెలుగువాళ్లూ తమిళులూ మలయాళీలూ కిల్టులు కట్టుకుని వరసగా నడిచేవాళ్లు, పిల్లలమంతా వాళ్ల వెనకాల. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గాని అప్పుడు ఎవరికీ వింతగా తోచలేదు. దొరల బంగళా మనకు రాలేదు, దొరల జీతం మనకు రాలేదు, దొరల పావడా ఒకటి వచ్చిందని డ్రెస్సర్ మావయ్య అనేవాడు. ఎస్టేటు ఆస్పత్రిలో కట్లు కట్టి మందులిచ్చేవాణ్ణి డ్రెస్సర్ అనేవాళ్లం, బ్యాండులో ఆయనది పెద్ద డోలు.

కిల్టు ఇంట్లోకి వచ్చినప్పుడు మా అమ్మ ఏమీ అనలేదు, చలిదేశంవాళ్ల ఉన్నిగుడ్డ కదా అనుకుంది. స్పోరన్ వచ్చిననాడు మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వెనక తోలు, ముందు జంతువు జుట్టు, లోపల చూస్తే దేవుడి పటాలూ దీపమూ. "తోలంటే తోలే గదేటి, దీపమెట్టిన ఇంట్లోకి తేకండి" అని ఆవిడ. "మరి భజనలో మద్దెలకేటి కట్టినారు, అరిటాకా?" అని నాన్న. అమ్మ ఓడిపోయినా ఒప్పుకునే మనిషి కాదు కనుక ఒక మెలిక పెట్టింది. మద్దెలలాంటిదే అయితే ఇదీ వాయిద్యం కిందే లెక్క, వాయిద్యమన్నాక శుభ్రంగా ఉండాలి, ఆ శుభ్రం సంగతి తనే చూసుకుంటుంది, వసారాలో మేకుకు తప్ప ఎక్కడా పెట్టకూడదు, ఎవరి కాలూ తగలకూడదు. ఆ రోజునుంచి అది ఆవిడ సొత్తయిపోయింది. స్పోరన్ అనే మాట మాత్రం ఆవిడ నోట ఒక్కసారి కూడా రాలేదు. గుర్రపుతోక అనేది, ఎస్టేటులో ఆడవాళ్లందరూ అదే పేరు పట్టుకున్నారు.

చెమటకూ ఎర్రమట్టికీ అది మాసిపోతే ఎలా బాగుచేయాలో దొర చెప్పలేదు, నేర్పడానికొచ్చిన ముసలాయనా చెప్పలేదు. జుట్టును ఎలా చూసుకోవాలో మా అమ్మకు ఒకరు చెప్పాలా? ఆదివారం నాకు తలంటి పోయగా మిగిలిన కుంకుడురసంలోనే దాన్నీ ముంచేది. ఎండలో ఆరేసి, చిక్కు తీసి, పొడిబారిపోతోందని అరచేతిలో కాస్త కొబ్బరినూనె వేసుకుని పైపైన రాసేది. ఆ తర్వాత పాయలు తీసి సన్నసన్నగా జడలు అల్లి, కొసలకు గుడ్డపీలికలు కట్టి, పాత పంచెలో చుట్టి మేకుకు తగిలించేది. అల్లి ఉంచితే చిక్కుపడదు, బొద్దింకలు కాపురం పెట్టవు, మళ్లీ తీసిననాడు దువ్వెన సాఫీగా దిగుతుంది. కవాతుకు ముందురోజు విప్పి దువ్వితే ఆ తెల్లజుట్టంతా అలలు తిరిగి నిలిచేది. దొర మొదట చూసి నొసలు చిట్లించాడట, తర్వాత బాగానే ఉందన్నాడట. ఆ మాట పొక్కడమే తడవు, బ్యాండులోవాళ్లందరి గుర్రపుతోకలూ మా వసారాకు చేరాయి. ఆదివారాలు అమ్మ పీటమీద, నేను ఆవిడ ముందు, నా ఒళ్లో ఒక గుర్రపుతోక. ఆవిడ నా జడ అల్లుతుంటే నేను దాని జడలు అల్లేదాన్ని, తల కదిపినందుకు పడే మొట్టికాయలు మాత్రం నాకు ఒక్కదానికే పడేవి.

నేను బడి చదువు ముగించిన ఏడు, మా తమ్ముడు మీసం మొలుస్తోందో లేదో అద్దంలో చూసుకునే వయసులో ఉన్నాడు. నాన్న వాడికి ఇంటివెనక కొబ్బరిచెట్ల కింద పైపు నేర్పుతున్నాడు. వచ్చే కవాతుకు తను తప్పుకుని తన చోట వాణ్ణి నిలబెడతానని, తన గుర్రపుతోక తన చేత్తోనే వాడికి కడతానని మాట ఇచ్చాడు. వాడు ఆ మాట పట్టుకుని తిండి కూడా నిలబడే తినేవాడు, కూర్చుంటే ఊపిరి తగ్గిపోతుందేమోనని. అంతలో ఎస్టేటు చేతులు మారింది, దొర ఓడెక్కి వెళ్లిపోయాడు, కొత్త యాజమాన్యం బ్యాండు సామానంతా స్టోరులో అప్పగించమంది. డ్రెస్సర్ మావయ్య డోలు కర్రలు దాచేసుకున్నాడు, ఇంకొకాయన టోపీ దాచుకున్నాడు. మా నాన్న ఏదీ దాచలేదు. ఆయన కిల్టు చిరిగిపోయింది, అక్కర్లేదని స్టోరువాళ్లే అన్నారు కనుక అదొక్కటీ మిగిలింది. మా వసారాలో ఉన్న గుర్రపుతోకలన్నిటినీ గోనెసంచిలో సర్ది, సైకిలు వెనక కట్టుకుని వెళ్లి ఇచ్చేసి వచ్చాడు. తమ్ముడు గుమ్మంలో నిలబడి చూశాడు. బ్యాండును మళ్లీ ఎవరూ పిలవలేదు. కొన్నాళ్లకు రబ్బరు చెట్లు కొట్టేసి పామాయిల్ మొక్కలు వేశారు, మేం క్లాంగ్ వచ్చేశాం, నాన్న పోయేదాకా కూడా వాడు ఆ ఊసెత్తలేదు.

తమ్ముడు ఇక్కడ ఫ్యాక్టరీలో పనికి చేరి, తన సంపాదనతో సొంత పైపు కొనుక్కుని, సెలవురోజుల్లో ఆ బ్యాండూ ఈ బ్యాండూ అని వాయిస్తూనే వచ్చాడు. నడుముకు ఉత్త తోలు స్పోరన్ కట్టేవాడు. లోకమంతా తలుపులు మూసుకున్న ఆ మహమ్మారి కాలంలో ఆస్పత్రిలో పడి, బతికి బయటపడ్డాడు గాని ఊపిరి మునుపటిలా తిరిగి రాలేదు. డాక్టరు వాయించవద్దని అనలేదు, ఎక్కువ వద్దన్నాడు. ఎక్కువకూ తక్కువకూ హద్దు వాడే గీసుకున్నాడు. కూతురి పెళ్లిలో హాలు గుమ్మం నుంచి మండపందాకా ఆమెకు ముందు నడుస్తూ వాయిస్తాడు, ఇక ఆ తర్వాత పైపు ముట్టుకోడు. నాన్న కిల్టు బాగుచేయించి అదే కడతాడు. స్పోరన్ మాత్రం నాన్నదిలాంటి గుర్రపు జుట్టుదే కావాలి, దొరక్కపోతే వాయించనే వాయించనన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అరవై దాటినవాడికి మీసం మొలవని పిల్లాడి పంతమేమిటని నాలుగు దులిపేశాను. మా మేనకోడలు మధ్యలో పడి, "అత్తా, పరవాలేదు లా, అప్పా నాతో నడిస్తే సాలు" అని తనకొచ్చిన తెలుగులో సర్దిచెప్పింది. ఆ పిల్లకు మేం మాట్లాడేదంతా అర్థమవుతుంది, తిరిగి చెప్పేటప్పుడే తమిళమూ ఇంగ్లీషూ అడ్డం వస్తాయి, మాట చివర ఇక్కడివాళ్ల 'లా' తగులుకుంటుంది. తమ్ముడు నా తిట్లన్నీ విని, పైపు తుడిచే గుడ్డను మడతలు పెడుతూ, "నాకిస్తానన్నాడు గదా అక్కా. ఒక్క మాటైనా సెప్పకుండా పట్టుకెళ్లి ఇచ్చేసినాడు" అన్నాడు. యాభై ఏళ్ల పైచిలుకు తర్వాత ఆ మాట వాడి నోట వినడం అదే మొదలు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. వాడికి కావలసింది అలంకారం కాదు, నాన్న నిలబెడతానన్న చోట ఒక్కసారి నిలబడడం అని అర్థమై, వెతికే పని నేను నెత్తికెత్తుకున్నాను.

నేను పనిచేసింది ఓడల కంపెనీ ఆఫీసులో, దెబ్బతిన్న సరుకు గురించి వచ్చే ఫిర్యాదులు చూసే విభాగంలో. అమ్మినవాడు చెప్పేదీ కొన్నవాడు చెప్పేదీ పక్కపక్కన పెట్టి చూసిన కళ్లు, అంత తేలిగ్గా మోసపోవని నా ధీమా. అయినా మొదటి దెబ్బ మాకు తగలనే తగిలింది. నాతో చెప్పకుండా తమ్ముడే ఒకటి తెప్పించాడు. బొమ్మలో దివ్యంగా ఉంది, పార్సిలు విప్పితే అరచేయంత ఉంది, అది పసిపిల్లలకు కట్టేదట. మా ఆయన ఇప్పుడు దాన్ని కళ్లజోడు సంచిగా వాడుకుంటున్నాడు. అప్పటినుంచి ఎవరిని ఏమడిగినా, ముందు మీ చెయ్యి పక్కన పెట్టి బొమ్మ తీయండి అని అడగడం మొదలుపెట్టాను.

అలా వెతగ్గా వెతగ్గా ఆ లోకపు లోగుట్టు కొంత తెలిసింది. పాతది అని రాస్తే పాతది కానక్కర్లేదు, నిన్న చేసినదానికి కూడా పాతకాలపు పద్ధతి అని పేరు పెట్టి, పద్ధతి అన్న మాటను చీమతలంత అక్షరాల్లో వేస్తారు. ముందువైపు ఎన్ని బొమ్మలు పెట్టినా వెనకవైపు ఒక్కటీ పెట్టకపోతే, అక్కడ తోలు పగిలిందనో గొలుసు తగిలించే చెవులు తెగాయనో అనుకోవాలి. పైపట్టీ నిజంగా పాతదైతే చెయ్యి తగిలే అంచుల్లో అరిగి, చెయ్యి దూరని నగిషీ సందుల్లో నల్లగా ఉంటుంది, అంతటా ఒకే నలుపు ఉందంటే ఎవరో పులిమిన నలుపే. జుట్టు పైకెత్తి కుదుళ్ల దగ్గర బొమ్మ తీయమనాలి, పురుగు పట్టిన సంగతి అక్కడే బయటపడుతుంది. ఇక ఆ జుట్టు గుర్రానిదా, నైలానా అన్నది పెద్ద ప్రశ్న. నైలాను పోగులన్నీ ఒకే లావుగా ఉండి తళతళలాడతాయి, అసలు జుట్టు కొసకు వచ్చేసరికి సన్నబడుతుంది. అనుమానం తీరకపోతే ఒక వెంట్రుక కాల్చి వాసన చూడమని అడగాలి.

అలా అడిగితే ఒకాయన కోపగించుకుని జవాబే మానేశాడు. స్కాట్లాండులో ఒక పల్లెటూరావిడ మాత్రం నిజంగానే కాల్చి చూసి, ప్లాస్టిక్కు వాసన వస్తోందని రాసింది. తాతగారు యుద్ధంలో పెట్టుకున్నదని ఇంట్లో అందరూ చెప్పుకునేవాళ్లట, ఆవిడా నమ్మి ఇన్నాళ్లూ అద్దాల బీరువాలో దాచుకుంది. పైగా నాకే క్షమాపణ చెప్పుకుంది. ఆ జవాబు చదివి నాకు రోజంతా మనసు బాగాలేదు. సరుకు గుణం తేల్చడం నా వృత్తిగా ఉన్న రోజుల్లో, తేల్చిన తర్వాత అవతలి ఇంట్లో ఏమవుతుందో నేను ఎన్నడూ ఆలోచించి ఎరగను. తాతగారు కట్టుకోవడం అబద్ధం కాకపోవచ్చు, జుట్టు ఊడిపోతే తర్వాతివాళ్లెవరో కొత్తది అతికించి ఉండవచ్చు అని ఆవిడకు రాశాను. నేను రాసింది నిజమే కావచ్చు కూడా.

పెళ్లి దగ్గరపడింది. నాకు నచ్చినవి దూరదేశాల్లో ఉన్నాయి, వేళకు చేరేలా లేవు. దగ్గర్లో ఉన్నవి నచ్చలేదు. తమ్ముడు సాధన మానేశాడు, ఇక వదిలెయ్యక్కా అన్నాడు, పంచె కట్టుకుని పక్కన నడుస్తానన్నాడు. వాడు అలా మెత్తగా అనేసరికి నాకు నిద్ర కరువైంది.

ఒక పొద్దున్న తల దువ్వుకుంటూ ఉండగా నాకొక ఆలోచన వచ్చింది. మా ఎస్టేటు స్టోరులో పెట్టిన సామాను ఎప్పుడో ఒకప్పుడు బయటికి వచ్చే ఉంటుంది. దాన్ని మోసిన లారీవాడికి గాని, తూకానికి కొన్న పాతసామాన్లవాడికి గాని, స్పోరన్ అనే మాట ఎలా తెలుస్తుంది? మా అమ్మకే తెలియదు. కంటికి ఏది కనబడితే ఆ పేరే పెడతారు. దువ్వెన ఒక చేత్తో పట్టుకునే, మలాయి భాషలో గుర్రపుతోక అని, ఎకోర్ కుడా అని కొట్టాను. ముందు ఆడపిల్లల సవరాలు వచ్చాయి, గుర్రాల కళ్లేలు వచ్చాయి, తలకు పెట్టుకునే క్లిప్పులు వచ్చాయి. పాతది అనే మాట కూడా చేర్చి వెతుక్కుంటూ పోయేసరికి, మా పాత ఎస్టేటుకు దగ్గరి పట్నం తెలుక్ ఇంటాన్‌లో ఒక పాతవస్తువుల కొట్టు పెట్టిన ప్రకటన కనిపించింది. హిందూ గుళ్లో దేవుడికి విసిరే పాత వింజామర, గుర్రపుతోక, పిడి వెండిరంగు అని రాసి, లోపాలు కూడా దాచకుండా చెప్పారు. జుట్టు పసుపుబారింది, వంకరలు తిరిగి ఉంది, నూనె వాసన పోవడం లేదు.

బొమ్మలో దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. ఫోను తిప్పి చూశాను. పైన పట్టీ, మీద రెండు కుచ్చులు, కింద మోకాళ్లదాకా జాలువారిన జుట్టు, ఆ జుట్టునిండా పైనుంచి కిందిదాకా అలలు. స్పోరన్ల గురించి తెలిసినవాళ్లంతా ముట్టుకోవద్దని చెప్పే లోపాలన్నీ ఒక్కచోట చేరి నా ఎదుట ఉన్నాయి. వెనకవైపు, చెయ్యి పక్కన పెట్టి, ఇంకో బొమ్మ కావాలని రాశాను. కొట్టావిడ వెంటనే పంపింది. తెగిపోయిన తోలుచెవిని ఎవరో నల్లదారంతో, చుట్టూ కాజాకుట్టు వేసి నిలబెట్టారు. తోలుపని చేసేవాడెవడూ కాజాకుట్టు వేయడు. జాకెట్లు కుట్టుకునే ఆడదే వేస్తుంది.

మేనకోడలు కారు నడిపింది, తమ్ముడు ముందు సీట్లో, నేను వెనక. దారంతా పామాయిల్ తోటలే, ఒకప్పుడు ఎవరి ఎస్టేటు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదో ఇప్పుడు చెప్పడం కష్టం. కొట్టు నడిపేది నా వయసు చైనీస్ ఆవిడ. చుట్టుపక్కల ఎస్టేట్లు స్టోర్లు ఖాళీ చేసినప్పుడల్లా వాళ్ల నాన్న పాతసామాను కొనేవాడట, ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకు తెలియదు. మమ్మల్ని చూసి కాస్త కంగారుపడుతూ, ఒక తప్పు చేశానని మలాయిలో చెప్పింది. అది వచ్చినప్పుడు జుట్టంతా సన్నటి జడలుగా అల్లి ఉందట, బొమ్మ తీయడానికని తనే విప్పిందట. గుడి వస్తువు కదా, దేనినీ పారేయకూడదని, కట్టి ఉన్న గుడ్డముక్కలు లోపలే పెట్టానని సంచి మూత తెరిచి మా ముందు కుమ్మరించింది. టీ నీళ్ల రంగుకు వెలిసిపోయిన రిబ్బను పీలికలు, మడతల్లో మాత్రం ఇంకా ఎరుపు.

అవి నా బడి రిబ్బన్లు. నాన్న అన్నీ అప్పగించబోయే ముందురోజు, చదువైపోయింది కదా నీకెందుకని అమ్మ నా పెట్టెలోంచి తీసి నిలువునా చింపింది. ఆ రోజంతా మా వసారానిండా గుర్రపుతోకలే. అమ్మా నేనూ అల్లుతుంటే, ఆడవాళ్ల పని ఏదీ ముట్టని నాన్న కూడా కింద కూర్చుని, అల్లిన జడల కొసలు విడిపోకుండా వేళ్లతో పట్టుకున్నాడు. ఇదంతా నాకు గుర్తులేక కాదు, ఎందుకలా చేశారని అడగాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

తమ్ముడికి తోచింది. నేను చెప్పిందంతా విని, ఇచ్చేసే సామానుకు జడలెందుకని అడిగాడు. వాడు మగపిల్లాడు, వసారాలో మా పని వాడికెప్పుడూ పట్టలేదు. కట్టుకోవడానికైతే విప్పి దువ్వేదని, మళ్లీ తీయడం కోసం దాచాలంటేనే అమ్మ అల్లేదని చెబుతూ చెబుతూ ఉండగానే, నాకూ అప్పుడే వెలిగింది. వదులుకునేదానికి ఎవరూ జడ వెయ్యరు. వాడు ఒక రిబ్బను పీలికను చూపుడువేలికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు.

"అయితే మళ్లీ తీస్తారనుకొనే ఇచ్చినాడు" అన్నాడు.

కొట్టావిడకు మా మాట అర్థం కాకపోయినా మనిషి అర్థమైంది, స్టూలు జరిపి తమ్ముణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లు తెచ్చింది. కాస్త తేరుకున్నాక వాడు, ఇది నాన్నదేనా అక్కా అని అడిగాడు. అవునంటే వాడికి పండగే, నాకూ నోటిదాకా వచ్చింది. కానీ ఆ రోజు బ్యాండు మొత్తానివి మా ఇంటినుంచే వెళ్లాయి, అన్నిటికీ అవే జడలు, అవే రిబ్బన్లు. "ఎవురిదో తెల్దురా. అమ్మది మాత్రం అవును" అన్నాను. వాడు తలూపాడు, ఇక ఆ తర్వాత నాన్నది కావాలనే మాట వాడినుంచి రాలేదు.

పెళ్లి క్లాంగ్‌లోనే, నాదస్వరం మేళం వాళ్లు వాయిద్యాలు ఒళ్లో పెట్టుకుని కుతూహలంగా చూస్తుండగా, మా తమ్ముడు కిల్టు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గొలుసు నేను బిగించాను. నాన్న తన చేత్తో కడతానన్నది నా చేతికి వచ్చిందని నా కళ్లు చెమ్మగిల్లాయి, మా ఆయన కనిపెట్టి అటు తిరిగిపోయాడు. పైపు గుక్క పట్టి మోగగానే హాలంతా లేచి నిలబడింది. అడుగు పడినప్పుడల్లా తెల్లటి అలలు కుడికీ ఎడమకూ ఊగాయి. సగం దూరం వెళ్లేసరికి వాడి ఊపిరి అయిపోయింది. వాద్యం ఒక మూలుగు మూలిగి ఆగింది. వాడు మాత్రం ఆగలేదు, పైపు గాలితిత్తిని చంకలోంచి దించి, వెనక వస్తున్న కూతురి చెయ్యి పట్టుకుని, అదే కవాతు నడకతో నడుస్తూనే ఉన్నాడు. మేళంలో పెద్దాయనకు ఏమనిపించిందో, పైపు ఆగిన శ్రుతినే పట్టుకుని నాదస్వరం ఎత్తాడు. చూసినవాళ్లంతా ముందే అనుకుని చేశారనుకున్నారు, బాగా కుదిరిందని ఇప్పటికీ చెబుతుంటారు.

ఆ తర్వాత తమ్ముడు పైపును పెట్టెలో పెట్టేశాడు. గుర్రపుతోకను మాత్రం నా దగ్గరికి తెచ్చి, దీని సంగతి నీకే తెలుసని అప్పగించి వెళ్లాడు. కడుగుదామని, మనవాళ్ల కొట్లుండే బ్రిక్‌ఫీల్డ్స్‌లో కుంకుడుకాయలు అడిగితే, కొట్లో అమ్మాయి ముందు షాంపూ సీసా చూపించి, కాదంటే పొడి పాకెట్టు వెతికి ఇచ్చింది, కాయలు ఎలా ఉంటాయో తను చూడలేదట. మా అమ్మ చేతిలో తలంటి పోయించుకుని జడ వేయించుకున్నవాళ్లం నేనూ ఇదీ ఇద్దరమే మిగిలాం. మా ఇంటి ఆడపిల్లలందరూ జుట్టు భుజాలదాకా కత్తిరించుకున్నారు, ఉద్యోగాలకు పరుగెత్తేవాళ్లు, వాళ్లను అనడానికి లేదు. నాది పిడికిట్లో పట్టే ముడి. మొత్తం కుటుంబంలో జడ వేయించుకునేంత జుట్టు ఇప్పుడు దీనికొక్కదానికే ఉంది.

మొన్న ఆదివారం బాల్కనీలో ఎండకు ఆరేసి, ఒళ్లో పెట్టుకుని అల్లడం మొదలుపెట్టాను. చేతులకు ఏదీ మరుపు రాలేదు. వెలిసిపోయిన ఆ రిబ్బను పీలికలనే కొసలకు కట్టాను. వీటిని మళ్లీ విప్పేవాళ్లెవరో నాకు తెలియదు, ఆ రోజు మా వసారాలో అమ్మకూ తెలియదు. అయినా ముళ్లు గట్టిగానే వేశాను.